పిల్లల్ని రమ్మని, పొమ్మన్న ఊరు

నెవాడా రాష్ట్రంలో 21 ఏళ్ళు నిండనివాళ్ళు జూదం ఆడకూడదు. ఆడేచోట ఊరికే నిలబడకూడదు కూడా. రెస్టారెంటుకో లిఫ్టుకో పోవాలంటే క్యాసినో మధ్యలోంచి నడిచిపోవచ్చు, అంతే. అమ్మానాన్నలు పక్కనే ఉన్నా సరే, పిల్లవాడు స్లాట్ మెషీన్ ముందు ఆగి చూస్తుంటే సెక్యూరిటీ మనిషి వచ్చి కదలమంటాడు. చిక్కేమిటంటే, లాస్ వేగస్ పెద్ద హోటళ్ళలో చాలావాటిలో గదికి వెళ్ళాలన్నా, తిండికి వెళ్ళాలన్నా, ఈతకొలనుకు వెళ్ళాలన్నా దారి క్యాసినోలోంచే. కాలువలో నీళ్ళను కావలసిన తూముకు మళ్ళించినట్టు అక్కడ మనుషుల్ని మళ్ళిస్తారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద ఉద్యోగం మొదలుపెట్టి ఇరిగేషన్ శాఖలోనే రిటైరైనవాణ్ణి కాబట్టి, మనవడు పుట్టకముందు నేనూ మా ఆవిడా ఆ ఊరు చూసినప్పుడే నాకీ సంగతి తెలిసిపోయింది.

ఇప్పుడు ఆ మనవడికి పదిహేనేళ్ళు. అమ్మాయీ అల్లుడూ లాస్ ఏంజెలస్ దగ్గర ఉంటారు. డిసెంబరు సెలవుల్లో అందరం కలిసి కారులో వేగస్ వెళ్దామని అల్లుడి ఆలోచన. "నాన్నా, జూదాల ఊళ్ళో వీడికేం చూపిస్తాం?" అని అమ్మాయి బెంగ. మనవడు ఫోనులోంచి తలెత్తి, 2023లో తెరిచిన స్ఫియర్ అనే గుండ్రటి థియేటర్ చూస్తే చాలన్నాడు. ప్రయాణం ఎలా ఉండాలో నన్ను రాయమన్నారు. ఎక్కడ దిగాలి, ఏం తినాలి అన్నవి వాళ్ళే చూసుకోగలరు. నేను ఆ ఊరి చరిత్ర ముందేసుకుని కూర్చున్నాను. పిల్లలకు ఆ ఊళ్ళో చోటు ఉందో లేదో చెప్పగలిగేది అదే.

ఆ లోయలో ఏడాదికి పడే వాన నాలుగంగుళాలు. అలాంటిచోట ఊరు పుట్టిందంటే భూమిలోంచి ఉబికే ఊటలే కారణం. సదరన్ పైయూట్ జాతివాళ్ళు ఎన్నో తరాలు ఆ ఊటల మీద బతికారు. 1855లో మార్మన్ మతస్థులు వచ్చి మట్టి ఇటుకలతో కోట కట్టుకుని, రెండేళ్ళకే వదిలేసి వెళ్ళిపోయారు. దాని గోడ ముక్క ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ తర్వాత అదంతా ఒక పశువుల క్షేత్రం. దాని యజమానురాలు హెలెన్ స్టీవర్ట్ 1902లో ఆ భూమినీ నీళ్ళనూ సెనేటర్ విలియం క్లార్క్ రైల్వే కంపెనీకి అమ్మింది. ఆవిరి ఇంజనుకు నీళ్ళు కావాలి. లాస్ ఏంజెలస్‌కూ సాల్ట్ లేక్ సిటీకీ మధ్య ఎడారిలో నీళ్ళున్న మజిలీ అది. 1905 మే 15, 16 తేదీల్లో రైల్వేవాళ్ళు మండుటెండలో స్థలాలు వేలం వేశారు. అదే ఊరి పుట్టుక. సారా అమ్మకానికి 16, 17 నంబర్ల బ్లాకుల్ని మొదటి రోజునుంచే కేటాయించారు.

ఆ ఊటలు 1962లో ఆగిపోయాయి. బావులు తవ్వి తోడినకొద్దీ లోపలి నీటిమట్టం దిగిపోయింది. ఆ ఊటల చోటు ఇప్పుడు స్ప్రింగ్స్ ప్రిజర్వ్ అనే తోటా మ్యూజియమూను. నా కాగితంలో మొదటి పేరు అదే రాశాను.

ఇక 1931. ఆ ఏడాది మార్చి నెలలోనే రెండు జరిగాయి. గవర్నర్ ఫ్రెడ్ బాల్జర్ మార్చి 19న జూదాన్ని చట్టబద్ధం చేస్తూ సంతకం పెట్టాడు. నెవాడాలో 1910 నుంచీ నిషేధం ఉన్నా చాటుగా ఆట సాగుతూనే ఉండేది, దాని మీద ప్రభుత్వానికి పైసా రాబడి లేదు. పైగా అది ఆర్థికమాంద్యం కాలం. ఆ ఏడాదే ఆరు వారాలు కాపురం ఉంటే విడాకులిచ్చే చట్టమూ తెచ్చారు. లాస్ వేగస్‌లో మొదటి లైసెన్సు ఫ్రీమాంట్ వీధిలో నార్తర్న్ క్లబ్బు నడిపిన మేమీ స్టాకర్ అనే గృహిణికి దక్కింది. ఆమె భర్త రైల్వే ఉద్యోగి, ఆయన పేరు మీద క్లబ్బు ఉంటే కంపెనీ ఊరుకోదు.

రెండోది నాకు దగ్గరి విషయం. అదే నెలలో కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ కాంట్రాక్టు ఆరు కంపెనీల కూటమికి దక్కింది. ఊరికి ముప్ఫై మైళ్ళ దూరం. పని దొరుకుతుందని దేశం నలుమూలల నుంచీ జనం పెళ్ళాంబిడ్డలతో వచ్చి గుడారాల్లో పడ్డారు. ఆ మొదటి వేసవిలో వడదెబ్బకు మనుషులు చచ్చిపోయారు. ఆగస్టులో సమ్మె చేశారు, కంపెనీ లొంగలేదు. నదిని మళ్ళించడానికి కొండల్లో నాలుగు సొరంగాలు తొలిచారు, ఆ సొరంగాల్లో లారీల పొగకు ఎందరో జబ్బుపడ్డారు. 1932 నవంబరులో నది మళ్ళింది. 1933 జూన్‌లో మొదటి కాంక్రీటు పోత, 1935 మేలో చివరి పోత. ఎత్తు 726 అడుగులు, అంటే 221 మీటర్లు. మన సాగర్ ఎత్తు సుమారు 124 మీటర్లు. అడుగున మందం 660 అడుగులు, పైన 45. అంత కాంక్రీటును ఒకే ముద్దగా పోస్తే చల్లారడానికి వందేళ్ళు దాటుతుందని, దిమ్మెలు దిమ్మెలుగా పోసి, వాటిలో అంగుళం గొట్టాలు పరిచి చల్లటి నీళ్ళు పారించారు. ఆ గొట్టాల పొడవు 582 మైళ్ళు. పని చేస్తూ పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కలో 96 మంది. జబ్బుపడి ఆసుపత్రిలో పోయినవాళ్ళు ఈ లెక్కలో లేరు.

మన సాగర్ రాతికట్టడం. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. యంత్రాలకు పెట్టే డబ్బు మనుషులకు పని ఇవ్వాలని ఆ పద్ధతి ఎంచుకున్నారు, వేలమంది రాయి మోసి కట్టారు. ఒకటి అటువైపు యంత్రాల గొప్ప, ఒకటి ఇటువైపు చేతుల గొప్ప. రెండూ చూసినవాణ్ణి, దేన్నీ తక్కువనలేను. ఇంకో బంధం కూడా ఉంది. హూవర్ డ్యామ్ డిజైన్ పనికి పెద్దగా ఉన్న జాన్ సావేజ్‌ను, 1940ల్లో మద్రాసు ప్రభుత్వం పోలవరం దగ్గర రామపాద సాగర్ కట్టాలనుకున్నప్పుడు సలహాకు పిలిపించుకుంది. కొలరాడో లోయను చూసిన కళ్ళే గోదావరి పాపికొండలనూ చూశాయి. మనవడికి ఈ సంగతి చెబితే మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు.

జీతాల రోజు వచ్చిందంటే డ్యామ్ కూలీలు లారీలెక్కి ఫ్రీమాంట్ వీధికి వచ్చిపడేవాళ్ళు. ఆ వీధి క్యాసినోలకు మొదటి పెట్టుబడి వాళ్ళ జీతాలే. అది తెలిసే కేంద్ర ప్రభుత్వం కూలీల కుటుంబాల కోసం డ్యామ్ దగ్గర బౌల్డర్ సిటీ అని వేరే ఊరు కట్టి, అందులో జూదమూ సారా రెండూ నిషేధించింది. స్కూళ్ళు, చెట్లు, వరసగా ఇళ్ళు. కానీ ఆ ఊళ్ళో నల్లజాతి కూలీలకు ఇల్లు ఇవ్వలేదు. పనిలోకి తీసుకున్న కొద్దిమందీ రోజూ లాస్ వేగస్ వెస్ట్‌సైడ్ నుంచి వచ్చి పోవాల్సిందే. ఆ వివక్ష ముప్ఫై ఏళ్ళు సాగింది. నాట్ కింగ్ కోల్, శామీ డేవిస్ జూనియర్ లాంటి గాయకులు హోటల్లో పాడి జనాన్ని రప్పించేవాళ్ళు, ఆట అయ్యాక ఆ హోటల్లోనే పడుకోవడానికి వీల్లేదు. 1955లో అందరినీ రానిచ్చే మొదటి హోటల్ మౌలిన్ రూజ్ వెస్ట్‌సైడ్‌లో తెరిచారు, అది ఆరు నెలలకే మూతపడింది. ఊరేగింపు చేస్తామని నల్లజాతి నాయకులు గట్టిగా నిలబడ్డాక, మూతపడ్డ ఆ హోటల్లోనే 1960 మార్చి 26న ఒప్పందం కుదిరింది, స్ట్రిప్ హోటళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. అమెరికాలో పెరుగుతున్న గోధుమరంగు పిల్లవాడు ఈ కథ తెలుసుకోకుండా ఆ హోటళ్ళలో నడవకూడదని నా అభిప్రాయం.

స్ట్రిప్ అన్నాను కదా, పెద్ద హోటళ్ళు వరసగా ఉన్న ఆ రోడ్డు లాస్ వేగస్ మునిసిపాలిటీలో లేదు. 1941లో థామస్ హల్ అనే హోటల్ వ్యాపారి ఊరి పొలిమేర దాటి హైవే పక్కన ఎల్ రాంచో వేగస్ కట్టాడు. స్థలం చవక, పన్ను తక్కువ, కార్లు ఆపుకోవడానికి కావలసినంత చోటు. 1946 డిసెంబరు 26న బగ్సీ సీగెల్ అనే గూండా ఫ్లెమింగో హోటల్ తెరిచాడు, ఆర్నెల్లకు కాల్చి చంపబడ్డాడు. ఊళ్ళో కలుపుకుంటారేమోనని 1950లో స్ట్రిప్ వాళ్ళు ప్యారడైజ్ అని వేరే టౌన్‌షిప్ పెట్టించుకున్నారు. గూండాల డబ్బు, దాని మీద సెనేట్ కమిటీ విచారణ, 1955లో జూదం మీద నిఘా బోర్డు, 1966లో వచ్చి హోటళ్ళు కొనిపారేసిన కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్, 1969లో కార్పొరేట్ కంపెనీలకు దారి తెరిచిన చట్టం: సినిమాలు ఈ కథను చాలినంత చెప్పాయి. నేను ఆగదలచుకోలేదు.

బాంబుల దగ్గర మాత్రం ఆగాలి. 1951 జనవరి 27న ఊరికి 65 మైళ్ళ దూరంలో నెవాడా పరీక్షా కేంద్రంలో మొదటి అణుబాంబు పేల్చారు. 1962 వరకూ ఆకాశంలో, నేల మీద వంద పేలుళ్ళు జరిగాయి. హోటళ్ళు వాటిని వేడుకలుగా మార్చాయి. పేలుడు తేదీలు అచ్చువేసి పంచారు, మేడల మీద తెల్లవారుజాము విందులు పెట్టారు. గాలి వేగస్ వైపు వీచని రోజు చూసుకుని పేల్చేవాళ్ళు, దుమ్ము తూర్పున యూటా ఊళ్ళ మీద పడేది. ఆ ఊళ్ళవాళ్ళకు క్యాన్సర్లు వచ్చాయని ఒప్పుకుని పరిహారపు చట్టం చేయడానికి 1990 దాకా పట్టింది. ఆ చరిత్ర మ్యూజియం స్ట్రిప్‌కు దగ్గర్లోనే ఫ్లెమింగో రోడ్డులో ఉంది. పదో తరగతి భౌతికశాస్త్రం చదివే పిల్లవాడికి అంతకన్నా పాఠం ఏముంటుంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ ఊరు పిల్లల్ని ఎప్పుడు పిలిచింది, ఎందుకు పిలిచింది?

1968 అక్టోబరులో జే సార్నో అనే ఆసామి సర్కస్ సర్కస్ తెరిచాడు. పెద్ద గుడారం ఆకారంలో క్యాసినో, పేకాట బల్లల పైన గాల్లో ట్రపీజు ఆటలు. మొదట్లో గదులే లేవు, లోపలికి రావడానికి టికెట్టు పెట్టాడు. పైన మనుషులు ఊగుతుంటే కింద ఆడేవాళ్ళకు ఆట మీద చూపు నిలవదు. వ్యాపారం దెబ్బతింది. 1974లో విలియం బెన్నెట్, విలియం పెన్నింగ్టన్ దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. వాళ్ళు వేసిన లెక్క వేరు. ధనవంతుల కోసం అందరూ కొట్టుకుంటున్నారు, మధ్యతరగతి సంసారిని పిలిచేవాడు లేడు. అతనికి చవక గది, చవక బఫే ఇద్దాం. పిల్లలకు పై అంతస్తులో జాతర ఆటలు, సర్కస్ ఫీట్లు పెడదాం. పిల్లలు పైన, పెద్దలు కింద. పిల్లలకు పొద్దుపోయినంతసేపూ పెద్దలు స్లాట్ మెషీన్ల దగ్గరుంటారు. ఆ లెక్క అద్భుతంగా ఫలించింది.

ఈలోగా 1978లో తూర్పు తీరాన అట్లాంటిక్ సిటీలో క్యాసినో మొదలైంది. 1990ల మొదట్లోకి వచ్చేసరికి అమెరికాలో ఆదివాసీల భూముల్లో, నదుల మీద పడవల్లో, ఎక్కడ చూసినా జూదమే. జూదం ఒక్కదాని కోసం ఎవరైనా ఎడారికి ఎందుకొస్తారు? 1989లో స్టీవ్ విన్ మిరాజ్ కట్టి వాకిట్లో మండే అగ్నిపర్వతం పెట్టాడు, లోపల తెల్లపులులు, డాల్ఫిన్లు. చూడటానికి జనం విరగబడ్డారు. సర్కస్ సర్కస్ కంపెనీ 1990లో కోట ఆకారంలో ఎక్స్‌కాలిబర్, 1993లో పిరమిడ్ ఆకారంలో లక్సర్ కట్టింది. ఆ 1993లోనే ట్రెజర్ ఐలండ్ వాకిట్లో సముద్రదొంగల ఓడల యుద్ధం రోజూ ఉచితం. సర్కస్ సర్కస్ వెనక అద్దాల గుమ్మటం కింద రోలర్ కోస్టర్. డిసెంబరులో 5,005 గదుల ఎంజీఎం గ్రాండ్, దాని వెనక 33 ఎకరాల థీమ్ పార్కు. ఇక వేగస్ పిల్లల ఊరని పత్రికలు రాశాయి.

ఆ మాట పదేళ్ళు నిలవలేదు. కారణం నీతీ కాదు, పిల్లల మీద ప్రేమా కాదు, రాబడి. పిల్లలతో వచ్చినవాళ్ళు తొమ్మిదింటికల్లా గదికి చేరతారు. పందెం తక్కువ, తాగుడు తక్కువ. పిల్లలు లేకుండా వచ్చినవాళ్ళకు స్ట్రోలర్లు అడ్డం. ఆపైన, చెప్పడానికి నోరు రాని ప్రమాదం ఒకటి ఉంది: తల్లిదండ్రులు ఆటలో పడి పిల్లల్ని వీడియో గేముల గదుల్లో వదిలేయడం. 1997లో రాష్ట్ర సరిహద్దులో ఒక క్యాసినోలో తెల్లవారుజామున అలా తిరుగుతున్న ఏడేళ్ళ పాప హత్యకు గురైంది. దేశమంతా తల్లడిల్లింది. "పిల్లలు పైన, పెద్దలు కింద" అన్న లెక్కలో ఏం దాగుందో ఆ చావు బయటపెట్టింది.

1998లో విన్ కట్టిన బెల్లాజియోలో దిగినవాళ్ళ పిల్లలకు తప్ప 18 ఏళ్ళలోపు వాళ్ళకు ప్రవేశం లేదన్నారు. ఎంజీఎం థీమ్ పార్కు 2000లో జనానికి మూసేశారు. ట్రెజర్ ఐలండ్ ముందు దొంగల యుద్ధం 2003లో పోయి, దాని చోట అరకొర బట్టల ఆడవాళ్ళ ఆట వచ్చింది. ఇక్కడ జరిగింది ఇక్కడే ఉంటుందని పెద్దలకు కన్నుగీటే ప్రచారమూ ఆ ఏడాదే మొదలైంది. మిరాజ్ కూడా 2024 జులైలో మూతపడింది. పిల్లల్ని పిలిచిన రోజుల గుర్తుగా ఇవాళ సర్కస్ సర్కస్, దాని గుమ్మటం కింద ఆటలూ మిగిలాయి.

ఈ చరిత్ర చదివాక నా ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది. పిల్లవాడికి తగిన ఊరిగా తయారై ఉంటుందని వేగస్‌ను నమ్ముకోకూడదు. అది ఎన్నడూ పిల్లల కోసం ఏదీ కట్టలేదు, కట్టినవీ పెద్దల జేబు కోసమే. అలాగని పిల్లవాణ్ణి దూరంగా ఉంచడం నాకు సమ్మతం కాదు. జూదం అతని ఫోనులోకి ఎప్పుడో వచ్చింది. గేముల్లో డబ్బు పెట్టి తెరిచే లూట్ బాక్సులు స్లాట్ మెషీన్‌కు తమ్ముళ్ళే. మన దగ్గరా అంతే, సంక్రాంతి కోళ్ళ బరి పక్కన గుండాట దగ్గర పిల్లలు నిలబడటం నేను ఏటా చూశాను. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఎందుకు నిషేధించాయో అందరికీ తెలుసు. దాచడం కన్నా లెక్క నేర్పడం మేలు.

నేర్పాను కూడా. అమెరికా రౌలెట్ చక్రంలో 38 గళ్ళు: ఒకటి నుంచి 36, ఒక సున్న, ఒక జోడు సున్న. ఒక అంకె మీద డాలరు పెట్టి గెలిస్తే 35 ఇస్తారు, మన డాలరు మనకు వస్తుంది. "38 సార్లూ ఒకే అంకె మీద పెట్టావనుకో, సగటున ఒకసారి గెలుస్తావు. పెట్టింది ఎంత, వచ్చింది ఎంత?" అన్నాను. కాగితం మీద వేసి, "38 పెడితే 36 వచ్చాయి తాతయ్యా. నూటికి అయిదుంపావు పోతుంది" అన్నాడు. సభాపర్వం విన్న తెలుగు పిల్లలకు జూదమంటే శకుని, మోసపు పాచికలు. ఈ చక్రంలో శకుని లేడు, అది నిజాయితీగానే తిరుగుతుంది. నిజాయితీగా తిరుగుతూనే రాత్రింబవళ్ళు క్యాసినోకి డబ్బు చేరుస్తుంది. ధర్మరాజు కథ చెప్పేటప్పుడు మనం ఈ ముక్క కూడా కలిపి చెప్పాలి.

ప్రయాణం ఇలా వేశాను. బస క్యాసినో లేని హోటల్లో. స్ట్రిప్ పక్కనే వ్డారా లాంటివి ఉన్నాయి, గది నుంచి వీధికి రావడానికి స్లాట్ మెషీన్ల మధ్య నడవక్కర్లేదు. స్ట్రిప్ నడక పగలూ, సాయంత్రం పెందలాడేను. బెల్లాజియో ఫౌంటెన్లు రోడ్డు మీంచే కనిపిస్తాయి, వాటి నీళ్ళు నదివి కావు, ఒకప్పుడు అక్కడున్న డ్యూన్స్ హోటల్ గోల్ఫ్ మైదానం బావివి. మనవడు అడిగిన స్ఫియర్ ఒక పూట. పాత హోటళ్ళ దీపాల బోర్డులన్నీ చేర్చి పెట్టిన నియాన్ మ్యూజియం ఒక రాత్రి. గూండాల మీద సెనేట్ విచారణ జరిగిన కోర్టు భవనమే ఇప్పుడు మాబ్ మ్యూజియం, అదీ చూడాలి. స్ప్రింగ్స్ ప్రిజర్వ్, అణుపరీక్షల మ్యూజియం ఒక రోజు. చివరి రోజు పూర్తిగా డ్యామ్‌ది.

డ్యామ్ మీద నిలబడి మనవడికి ఒక లెక్క చెప్పాలనుకుంటున్నాను. ఆ డ్యామ్ వెనకున్న మీడ్ సరస్సు నిండితే మన సాగర్ మొదటి నిల్వకు, అంటే 408 టీఎంసీలకు, సుమారు మూడు రెట్లు. 1928 చట్టం కొలరాడో నీళ్ళలో నెవాడాకు ఇచ్చిన వాటా ఏడాదికి 13 టీఎంసీలు. వేగస్ తాగే నీళ్ళలో నూటికి తొంభై వంతులు అక్కడివే. 2022 వేసవిలో సరస్సు నిండినప్పటినుంచీ ఎన్నడూ లేనంత అడుగుకు దిగింది. ఆ ఊరు ఇళ్ళలో, హోటళ్ళలో వాడిన నీటిని దాదాపు అంతా శుద్ధిచేసి తిరిగి సరస్సుకు పంపుతోంది. ఇళ్ళ దగ్గర తప్ప, అలంకారం కోసం పెంచే పచ్చికకు 2027 నుంచి నది నీళ్ళు పెట్టకూడదని రాష్ట్రం చట్టం చేసింది. కృష్ణా నీళ్ళ కోసం రెండు రాష్ట్రాలూ కొట్లాడుకోవడం చూసిన నాకు, 13 టీఎంసీలతో అంత ఊరు బతకడం నిజంగా గొప్ప సంగతి. దీపాల కన్నా ముందు పిల్లలకు చూపించవలసింది అదే.

అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు నా మనవి: పిల్లలతో వేగస్ వెళ్తే ఒక రోజు డ్యామ్‌కు ఇవ్వండి. దారిలో బౌల్డర్ సిటీలో ఆగి భోజనం చేయండి, చెట్ల కింద ఆ పాత వీధుల్లో పిల్లల్ని కాసేపు తిరగనివ్వండి. నెవాడా మొత్తంలో జూదం చెల్లని ఊళ్ళు ఇప్పటికీ రెండే, వాటిలో బౌల్డర్ సిటీ ఒకటి.